రెండు మంచెలు, ఇద్దరు వియ్యంకులు

ఆపండిరా ఆ పోట్లాట! ఆ టీవీలో బంతులేసే ఇద్దరు పెద్దాళ్ళలో ఎవడు గొప్పోడో మీరు తేల్చకపోతే వాళ్ళకి అన్నం అరగదా ఏం? ఇలా రండి, దుప్పట్లోకి దూరండి. కిట్టూ, నీ కాళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి, నాకు ఆనించకు. అమ్మడూ, నువ్వు ఈ పక్కకి రా. అలా ఇద్దరు ముసలాళ్ళని పోల్చబోయి ఓ రాజుగారు ఎలా తిప్పలు పడ్డాడో చెప్తాను. ఊ కొట్టాలి మరి. మీ ఊ ఆగిందా, నా నోరూ ఆగుతుంది.

అనగనగా సజ్జలకుంట అనే ఊళ్ళో రాజుగారికి ఓ జొన్నచేను ఉండేదంట. మామూలు చేను కాదు, విత్తనాల చేను. చుట్టూ ఉన్న పన్నెండు ఊళ్ళకీ విత్తనం అక్కణ్ణించే వెళ్ళాలి. కంకి పాలుపట్టిందంటే చాలు, పిచ్చికలొచ్చె, గువ్వలొచ్చె, గోరింకలొచ్చె, గుంపులుగుంపులుగా చిలకలొచ్చె. వాటిని తోలడానికి చేనుకి ఆ చివరో మంచె, ఈ చివరో మంచె. నాలుగు గుంజలు పాతి, మనిషి కూర్చునేలా ఎత్తుగా కడతారే, అదీ మంచె. తూర్పు మంచె మీద ఓబన్న, పడమటి మంచె మీద సుంకన్న, నడుమ నిలువెత్తు జొన్న. ఊ కొడుతున్నారా?

ఇద్దరి చేతుల్లోనూ వడిసెలలు. వడిసెలంటే తెలీదూ? తాడు మధ్యలో అరచెయ్యంత అల్లిక ఉంటుంది. అందులో రాయి పెట్టి, రెండు కొసలూ పట్టుకుని, నెత్తిమీద గిర్రున తిప్పి ఓ కొస వదిలితే రాయి బుయ్యిమని పోతుంది, తాడు చెళ్ళుమంటుంది. మీ తాతయ్య కూడా ఓసారి నా ముందు గొప్పకి విసిరి మా నాన్న ఇంటి పెంకులు పగలగొట్టారు. సరే, అది ఇప్పుడెందుకులే.

ఓబన్న రాయి ఉరుము, సుంకన్న రాయి సూది. వయసులో ఉన్నప్పుడు ఓబన్న విసిరితే రాయి మూడు చేలు దాటేది. సుంకన్న విసిరితే కంకి కదలకుండా కంకి మీద పిట్ట లేచేది. ఇప్పుడు ఇద్దరికీ అరవై దాటాయి. ఓబన్నకి భుజం జారింది, రాయి ఒక్క చేను దాటితే గొప్ప. సుంకన్నకి చెయ్యి వణుకుతుంది, వడిసెల తిరగడం మొదలైతే గానీ ఆ వణుకు ఆగదు. అయినా నలభై ఏళ్ళుగా ఆ చేలో గింజ పోలేదు.

పైగా వాళ్ళిద్దరూ వియ్యంకులు. సుంకన్న కూతురు ఈరమ్మని ఓబన్న కొడుక్కి ఇచ్చారు. మధ్యాహ్నం ఇద్దరికీ జొన్నరొట్టెలు మోసుకెళ్ళేది ఆ పిల్లే. తూర్పు మంచె దగ్గరికి వెళితే మామగారు, మీ నాన్న తన పిట్టల్నన్నీ నా మీదకి తోలుతున్నాడమ్మా, మాయమనిషి అనేవాడంట. పడమటి మంచె దగ్గరికి వెళితే నాన్న, మీ మామ తన పిట్టల్నన్నీ నా మీదకి తోలుతున్నాడే, మాయలమరాఠీ అనేవాడంట. రోజూ ఇదే తగువు. ఈరమ్మ నవ్వి, ముందు రొట్టె తినండి అనేదంట.

ఇలా ఉండగా దివాణానికి కొత్త పెత్తందారు ఒకడొచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చీ రాగానే రాజుగారి చెవి కొరికాడు. ఒక్క చేనుకి ఇద్దరు ముసలాళ్ళెందుకు ప్రభూ, గొప్పోణ్ణి ఉంచుదాం, రెండోవాణ్ణి దింపేద్దాం అన్నాడు. రాజుగారికి వేడుక ముఖ్యం కదా, సరేనన్నాడు. ఓడి దిగినవాడు మళ్ళీ మంచె ఎక్కకూడదు, ఇది నా ఆజ్ఞ అని చాటింపు వేయించాడు.

ఇంక చూడు, ఊరు రెండుగా చీలింది. మొగుళ్ళు ఓబన్న పక్షం, పెళ్ళాలు సుంకన్న పక్షం. కొన్ని ఇళ్ళల్లో పొయ్యి వెలగలేదంటే నమ్ము. ఆ ముసలాళ్ళకి మాత్రం ముద్ద దిగలేదురా పాపం. మంచె మీదే మీసం మొలిచినవాళ్ళు, మంచె మీదే మీసం నెరిసినవాళ్ళు. దిగి ఏం చేస్తారు, అరుగు మీద కూర్చుని ఈగలు తోలతారా?

కిట్టూ, ఊ ఏదిరా? ఆఁ, అదీ.

రాజుగారు పందెం పెట్టి, దూరదూరంగా గుంజలు పాతించి, వాటికి ముంతలు కట్టించాడు. అన్నిటికన్నా దూరంగా ఉన్న ముంతని ఓబన్న పగలగొట్టాడు. అన్నిటికన్నా చిన్న ముంతని సుంకన్న పగలగొట్టాడు. తేలలేదు. అప్పుడు పెత్తందారు, రోజూ ఇద్దర్నీ చూసేది ఈరమ్మ ఒక్కతే ప్రభూ, దాన్ని అడగండి అన్నాడు. పాపం ఆ పిల్లకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాన్న పేరు చెబితే మెట్టినింట్లో మొహం చూపించలేదు. మామ పేరు చెబితే పుట్టింటి గడప తొక్కలేదు. అత్తగారు ఇటు నుంచి గిల్లుతోంది, అమ్మ అటు నుంచి గిల్లుతోంది. నాకైతే ఏడుపొచ్చేది. ఈరమ్మ ఏడవలేదు. నా మాటెందుకు ప్రభూ, మీ చేనునే అడగండి అందంట. మొదటిరోజు ఒక్క మామగార్ని ఎక్కించండి, రెండోరోజు ఒక్క నాన్ననే ఎక్కించండి, మూడోరోజు ఏం చెయ్యాలో నేను చెప్తాను అందంట.

మొదటిరోజు ఓబన్న ఒక్కడే. తూర్పున చెళ్ళుమంటే పిట్టలు లేచి పడమట దిగాయి. దిగి కంకులు దులిపేశాయి. ఓబన్న మంచె దిగి, పడమటి దాకా పరిగెత్తి, ఆయాసపడి, విసిరేసరికి అవి లేచి తూర్పున దిగాయి. పొద్దు వాలేసరికి ముసలాడు గట్టు మీద కూలబడ్డాడు. రెండోరోజు సుంకన్న ఒక్కడే. పడమట చెళ్ళుమంటే తూర్పున దిగాయి, తూర్పున చెళ్ళుమంటే పడమట దిగాయి. ఆయనా కూలబడ్డాడు.

రాజుగారు చేను చూసి మండిపడ్డాడు. ఇద్దరూ పనికిరారు, ఇద్దర్నీ దింపెయ్యండి అన్నాడు. ఈరమ్మ ఊరుకుంటుందా? చేతులు జోడించి, మూడోరోజు ఇంకా మిగిలుంది ప్రభూ, ఇద్దర్నీ ఎక్కించి మీరే నడుమ నిలబడి చూడండి అంది.

మూడోరోజు తూర్పు మంచె మీద ఓబన్న, పడమటి మంచె మీద సుంకన్న, నడుమ రాజుగారు, చుట్టూ జొన్న. పిట్టలు తూర్పున దిగబోతే చెళ్ళు! పడమటికి పోయి దిగబోతే చెళ్ళు! మళ్ళీ తూర్పుకి పోతే చెళ్ళు! కాలు పెట్టే చోటు లేక, అలిసిపోయి, కొండ అవతలికి ఎగిరిపోయాయి. అప్పుడు ఈరమ్మ, ప్రభూ ఒక్కసారి చప్పట్లు కొట్టండి అందంట. రాజుగారు కొట్టాడు. మీ కుడిచెయ్యి బాగా మోగిందా, ఎడమచెయ్యి బాగా మోగిందా అని అడిగిందంట. రాజుగారు కాసేపు చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత పకపకా నవ్వాడు.

ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ మంచెల మీదే ఉండండి అన్నాడు. వాళ్ళకి వాగులోంచి గుండ్రాళ్ళు ఏరి మోసుకొచ్చే పని పెత్తందారుకిచ్చాడు. మంచి శాస్తి!

ఆ సాయంత్రం ఈరమ్మ ఇంట్లో బొబ్బట్లు. ఓబన్న పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ కోడల్ని పిలిచి, నిజానికి మీ నాన్నే గొప్పోడమ్మా, అటువైపు పరిగెత్తి విసిరితే గానీ నాకు తెలిసిరాలేదు, ఈ మాట మాత్రం ఆయనకి చెప్పకు అన్నాడంట. కాసేపటికి సుంకన్న కూతుర్ని పక్కకి పిలిచి, మీ మామే గొప్పోడే, చెప్పకు అన్నాడంట. చెప్పకుండా ఉంటుందా అది? ఇద్దరూ విస్తళ్ళ ముందు పక్కపక్కన కూర్చోగానే, నెయ్యి వడ్డిస్తూ, ఇద్దరి మాటా ఇద్దరి ముందే చెప్పేసిందంట.

ముసలాళ్ళు తల ఎత్తితే ఒట్టు. ఓబన్న తన విస్తట్లో బొబ్బట్టు తీసి వియ్యంకుడి విస్తట్లో వేశాడంట. సుంకన్నకి అప్పటికే కడుపు నిండిపోయింది. అయినా ఆ బొబ్బట్టు తినేశాడంట.

పోల్చడం తప్పని కాదురా. పోల్చేముందు, ఒకడు లేకపోతే రెండోవాడు ఏమైపోతాడో చూసుకోవాలి. సరే, కథేమో కంచి బండెక్కింది, మనం నిద్ర బండెక్కుదాం. పడుకోండి.