ముందు తక్కెడ ఎవరెక్కాలి?

కుంతలగిరి కోటలో వడ్లు దంచే ఆడవాళ్లు ఆరుగురు. ఒళ్లు తగ్గాలని ఒకరికొకరు మాటిచ్చుకుని, దంచుతూ రోజూ ఆ కబుర్లే చెప్పుకునేవారు.

“నిన్న నెయ్యి ముట్టలేదే, నూకాలూ!”

“అబద్ధం సూరక్కా, నీ మూతే చెబుతోంది!”

ఆ నవ్వులు వంటశాల అధికారి భుజంగరాయుడి చెవిన పడ్డాయి. “కొలువులో చేరాక ఒళ్లొచ్చిందంటే రాజుగారి తిండి దొంగిలించినట్టే. రేపు తూకం వేస్తాం. బరువు పెరిగినవాళ్లు ఇంటికి పోవాలి” అన్నాడు.

ముగ్గురు బిడ్డల్ని కన్న సూరక్క బావురుమంది. నూకాలుకి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు రాజుగారి ఎదుట తక్కెడ కట్టారు. నూకాలు ముందుకొచ్చింది.

“మహారాజా, పెరిగామని తేలాలంటే పాత బరువు తెలియాలి. మా బరువు ఎవరూ రాసిపెట్టలేదు. రాయుడుగారు కొలువులో చేరిన రోజున గుడిలో బెల్లంతో తులాభారం తూగారు. ఆ బరువు గోడమీద చెక్కి ఉంది. ముందు ఆయన్ని ఎక్కించండి.”

రాజుగారి చూపు భుజంగరాయుడి బొజ్జమీద ఆగింది.

“మహాప్రభూ! వయసుతో ఒళ్లొస్తుంది. అది దొంగతనం ఎలా అవుతుంది?” అన్నాడు భుజంగరాయుడు.

“సూరక్క ఏడుస్తుంటే నిన్న ఆ సంగతి గుర్తు రాలేదేం?” అంది నూకాలు.

రాజుగారు పకపకా నవ్వి తక్కెడ తీసేయమన్నారు. నూకాలు నవ్వలేదు.

“తక్కెడ తీసేస్తే చాలదు మహారాజా. మమ్మల్ని దొంగలన్నాడు. ఆ మాట మీ ఎదుటే వెనక్కి తీసుకోమనండి.”

భుజంగరాయుడు ఆ మాట వెనక్కి తీసుకుని ఆరుగురికీ చేతులు జోడించాకే ఆ రోజు కోటలో దంపుడు మొదలైంది.