గవరయ్య కూతురి నిద్ర

ఆ వీధి మొత్తానికి తెలివైన ఇల్లు ఒక్కటే ఉందని గవరయ్యకి గట్టి నమ్మకం. అది తనదే కావడం మిగతావాళ్ళ దురదృష్టం. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేయడమే తెలివని ఆయన లెక్క. భార్య అసిరితల్లి లెక్కా అదే.

కూతురు హైమ పదో తరగతి. పెద్ద చదువులు రావాలంటే చీకటితోనే లేవాలని ఎవరో అన్నారు. అంతే, కోడి కన్నా ముందే పిల్లని లేపేవారు. రాత్రి టీవీలో సీరియళ్ళన్నీ అయ్యేదాకా పక్కనే కూర్చోబెట్టి చదివించేవారు. చదువు ఎంత బాగా వచ్చిందంటే, పిల్ల సొంత పేరే తప్పు రాసింది. చారన్నం తింటూ తింటూ కంచంలోకి ఒరిగిపోయింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఈ వయసులో ఒళ్ళు ఎదిగేదీ, చదివింది బుర్రలో కుదురుకునేదీ నిద్రలోనేనని ఆయన ఓపిగ్గా చెప్పి, చివరికి అన్నాడు:

"ముందు మీ పిల్ల నిద్ర పోవాలి."

ఇంకేముంది, పిల్ల నిద్ర పోవాలట. ఆ రాత్రి తలుపులు బార్లా తీశారు. అసిరితల్లి చీపురుతో మంచం కింద నుంచి నిద్రని ఊడ్చి ఊడ్చి తరిమింది. గవరయ్య పిల్ల చెవి దగ్గర పళ్ళెం వాయించాడు. తెల్లారేసరికి హైమ కళ్ళు పండుమిరపకాయల్లా ఉన్నాయి.

నిద్ర పోయిందా అని డాక్టరు అడిగితే, పూర్తిగా పోయిందండీ, మళ్ళీ రాకుండా గొళ్ళెం కూడా పెట్టాం అని గొప్పగా చెప్పుకున్నాడు గవరయ్య. డాక్టరు తల పట్టుకున్నాడు. పోగొట్టమని కాదయ్యా, పిల్లకి నిద్ర పట్టాలి అన్నాడు.

గవరయ్యకి మండింది. పట్టాలని ముందే చెబితే తరిమేవాళ్ళమా? అంత చదువుకున్నవాడికి మాట మీద నిలకడ లేదే అనుకున్నాడు. సరే, పోయిన నిద్ర ఎక్కడ దొరుకుతుందో పిల్లనే అడిగాడు. సాంఘికశాస్త్రం క్లాసులో వస్తుంది నాన్నా అని ఉన్నమాట చెప్పింది హైమ. అంతే, చేపల వల భుజాన వేసుకుని బడికెళ్ళి కిటికీ పక్కన మాటు వేశాడు. పాఠం మొదలైంది. పిల్ల తల వాలింది. వల విసిరాడు. హైమ పడింది, బెంచీ పడింది, సాంఘికశాస్త్రం మేష్టారూ పడ్డాడు.

హెడ్మాస్టరమ్మ సంగతంతా విని, వీళ్ళకి విడమరిచి చెప్పాలని నిశ్చయించుకుంది.

"పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఇంట్లో టీవీ మోగుతుంటే పిల్లెలా పడుకుంటుందయ్యా? ముందు ఇల్లు పడుకోవాలి, అప్పుడు పిల్ల పడుకుంటుంది."

ఇదీ మాటంటే అనుకున్నాడు గవరయ్య. హైమని తీసుకొచ్చి వాకిట్లో ఇంటికి దూరంగా మంచం వాల్చి, ఇల్లు పడుకున్నాక నీకు చెబుతాం, అందాకా మెలకువగా ఉండమన్నాడు. మొగుడూ పెళ్ళాం పనిలో పడ్డారు. గోడలకి దుప్పట్లు కప్పారు. అసిరితల్లి తలుపుని జోకొడుతూ లాలిపాట పాడింది. ఇల్లు నిలబడే ఉంది. ఇది మొండిఘటం, మంచిగా చెబితే వినదన్నాడు గవరయ్య. గడ్డపార తెచ్చి ముందువైపు స్తంభాలు కుళ్ళగించాడు. పెంకులూ వాసాలూ గోడా టీవీతో సహా ఒక్కసారే వాలిపోయాయి.

ఆ చప్పుడుకి వీధంతా పరిగెత్తుకొచ్చింది. హైమ మాత్రం కదల్లేదు. తనని ఎవరూ పట్టించుకోని ఆ కాస్త సేపట్లోనే మంచం మీద ఒరిగి హాయిగా నిద్రపోతోంది. ఏమైందయ్యా అని పక్కింటాయన కేకేశాడు.

గవరయ్య దుమ్ము దులుపుకుంటూ పెదాల మీద వేలు పెట్టాడు.

"మెల్లగా మాట్లాడండి బావగారూ. ఇల్లు ఇప్పుడే పడుకుంది."