దొంగకి మాత్రమే చెప్పాల్సిన తుపాకీ

పైడమ్మ ఇంట్లో ముగ్గురికీ తెలివి ఎక్కువే. ఆ మాట ఎవరో అన్నది కాదు, వాళ్ళే చెప్పుకుంటారు. మొగుడు అప్పలస్వామి అయితే, "మన తెలివి ఊరంతా పంచినా ఇంకా ఓ గంగాళం మిగుల్తాదే" అనేవాడు. మరిది సూరపడు ఔనని తలాడించేవాడు. ఎంత గట్టిగా అంటే తలపాగా ఊడి కిందపడేది.

ఆ ఇంటికి ఒక్క ముర్రా గేదే ఆధారం. దాని పాలు అమ్మితేనే పొయ్యి వెలిగేది. అలాంటిది, పక్క ఊళ్ళలో గేదెల్ని తోలుకుపోయే దొంగలు తిరుగుతున్నారని కబురొచ్చింది. ఇంకేముంది, పైడమ్మకి ముద్ద దిగలేదు. గేదె పోతే తినేదేటి?

సంగతి విని, మిలటరీలో చేసొచ్చిన మావయ్య గురవయ్య ఓ సంచి పట్టుకొచ్చాడు. అందులోంచి తుపాకీ తీశాడు. నడుం దగ్గర రెండుగా మడిచి ఉంది.

"అయ్యో మావయ్యా, ఇరిగిపోయిందే!" అంది పైడమ్మ.

"ఇరగలేదే పిచ్చిదానా, ఇది మడత తుపాకీ. మడిస్తే కూరల సంచిలో పట్టేస్తాది, విప్పితే ఇంత బారు! ఇరుకు కొంపకి ఇదే మేలు. గుళ్ళు మాత్రం ఇవ్వను. మీ చేతికి గుళ్ళా, తల్లోయ్! దీన్ని చూస్తే చాలు, దొంగ పారిపోతాడు."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి మరీ చెప్పాడు. "గేదె పక్కనే ఉంచండి, రెంటినీ విడదియ్యకండి. ఇది ఇంట్లో ఉందని పిట్టక్కూడా తెలీకూడదు. దొంగకి తెలిస్తే చాలు."

అంతే! మావయ్య సందు తిరిగాడో లేదో, సూరపడు కర్ర పట్టుకుని చూరు మీద పిచ్చుకల్ని తోలడం మొదలెట్టాడు.

"వదినా, కోడి పిట్టేనా?"

"రెక్కలున్నాయి కదరా, పిట్టే. గంప కింద పెట్టు."

"గంపకి కన్నాలున్నాయే, చూసేస్తాదేమో?"

"మొహం గోడవైపు తిప్పి పెట్టు."

కోళ్ళ పని అయింది. సంచి గేదె పక్కన పెట్టారు. గేదె దాన్ని నాకి నాకి తడిపేసింది. ఇక మిగిలింది దొంగకి చెప్పడం. ఎవరు దొంగో తెలియాలి కదా మరి! పైడమ్మ ముందు పక్కింటి రాములమ్మని అడిగింది.

"ఒదినా, నువ్వు దొంగవా?"

రాములమ్మ చీపురు తిరగేసింది. టీ కొట్టు దగ్గర అప్పలస్వామి ప్రెసిడెంటుగారిని అడిగాడు. చెంప వాచింది. సూరపడు ఏకంగా పెళ్ళి ఊరేగింపుకి అడ్డం నిలబడి, "మీలో దొంగలెవరో చేతులెత్తండి, చిన్న పనుంది" అన్నాడు. ఊరేగింపు మొత్తం వాణ్ణి తరుముకుంది.

చివరికి సంతలో ఓ కొత్త మనిషి కనిపించాడు. కొనేది లేదు, అమ్మేది లేదు, ఊరికే గేదెల పళ్ళు చూస్తున్నాడు.

"బాబూ, నువ్వు దొంగవా?" అంది పైడమ్మ.

వాడు ఉలిక్కిపడ్డాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. దొంగవైతే నీకో మాట చెప్పాలి. కాకపోతే చెప్పకూడదు."

వాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "దొంగనేనమ్మా. చెప్పు."

పైడమ్మకి ప్రాణం లేచొచ్చింది. "మా ఇంట్లో తుపాకీ ఉంది నాయనా."

"అమ్మ బాబోయ్!"

"కంగారుపడకు, గుళ్ళు లేవులే."

ఇంకేముంది, వాడు చక్కా వెంట వచ్చేశాడు. సూరపడు తుపాకీ విప్పి చూపించాడు. వాడు చూశాడు గానీ పారిపోలేదు.

"పారిపోవేటయ్యా? మావయ్య పారిపోతావన్నాడే! ఇలాగైతే మా గేదె గతేం కాను?" అంది పైడమ్మ ఏడుపు గొంతుతో.

"ఏడవకమ్మా. గేదె భద్రంగా ఉండాలి, అంతేగా? మా ఇంట్లో కట్టేయండి. దొంగ ఇంట్లో దొంగతనం ఎవడు చేస్తాడు?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఇంత చిన్న సంగతి మావయ్యకి తట్టలేదే!

అంతే, పలుపు విప్పి వాడి చేతిలో పెట్టారు. రెంటినీ విడదియ్యకూడదు కదా, తుపాకీ సంచి వాడి భుజానికి తగిలించారు. గేదె మొరాయించింది. పైడమ్మ చేటలో తవుడు చూపిస్తూ, "రామ్మా, రా తల్లీ" అని బతిమాలుతూ పొలిమేర దాకా తనే దిగబెట్టి, "బాబూ, రేపటి నుంచి పాలకి నీ ఇంటికే వస్తాంలే" అని చెప్పి మరీ పంపింది.

వాడూ గేదే మలుపు తిరిగాక అప్పలస్వామికి అనుమానమొచ్చింది. "ఒసే, వాడిది ఏ ఊరో అడగలేదే! గేదె ఎక్కడుంటాదో మనకెలా తెలుస్తాది?"

పైడమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. సూరపడు మాత్రం పకపకా నవ్వాడు.

"అదే మంచిది వదినా. ఎక్కడుందో మనకే తెలీకపోతే, ఇంక దొంగలకేటి తెలుస్తాది?"