ఆచార్యుల వారి పాఠం ఎప్పుడు?

నోరారా పిలవకపోతే ఊడిపోయే బిరుదు ఎక్కడైనా ఉంటుందా, మీరే చెప్పండి?

"అయ్యా, అమ్మగారికి గాజులు తీసుకోండి" అన్నందుకే 'ఆచార్య' బిరుదున్న ఆస్థాన పండితుడు త్రిలోచనశాస్త్రి మండిపడి, సంతలో గాజులమ్మే నాంచారిని రాజుగారి ముందుకు ఈడ్పించాడు.

"నన్ను 'ఆచార్య' అనలేదు ప్రభూ! దీన్ని సంతలోంచి వెళ్లగొట్టించండి."

నాంచారి బతుకంతా ఆ సంతే మరి.

"ఆ మాటకు అర్థమేంటి ప్రభూ?" అనడిగింది.

"చదువు చెప్పేవాడని," అన్నాడు రాజు.

"అయితే తప్పయింది, ఆచార్యా! రేపే నా కూతుర్ని తీసుకుని వస్తా. సంతలో వాళ్లందరూ వస్తారు. పాఠం పొద్దున్నా, సాయంత్రమా?"

"వీళ్లకు నేను చదువు చెప్పాలా!" శాస్త్రి అదిరిపడ్డాడు.

"అలా పిలిపించుకుంటే చెప్పాల్సిందే," అన్నాడు రాజు.

"వద్దు తల్లీ, అయ్యా అనే పిలువు!"

నాంచారి హమ్మయ్య అనుకుని గాజుల మలారం భుజానికెత్తుకుంది.

బిరుదు చూపించి దబాయించేవాడు మీకూ తగిలితే తల వంచకండి; పాఠం ఎప్పుడో అడగండి.