వలలో పడ్డ బిళ్ల

ఎడమకాలి పక్కకి నేలబారుగా వచ్చే బిళ్లను ఒత్సల్ ఆపలేకపోతున్నాడు. అదీ అతని కష్టం. బంతికి బదులు రబ్బరు బిళ్లతో ఆడే ఐస్ హాకీలో, గోలు కాసే గోలీగా నిలబడి పొట్టపోసుకునేవాడికి ఇంతకంటే పెద్ద కష్టం ఉండదు.

అతను లదాఖ్‌లో సింధునది ఒడ్డు పల్లెలో పుట్టాడు. కాలువ మడుగులు గడ్డకట్టినప్పుడు వాటి మీద ఆడి ఆడి, ఎక్కడో కజక్‌స్థాన్‌లో ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఊరి క్లబ్బుకి జీతం మీద ఆడేవాడయ్యాడు. అంతవరకూ అట్టడుగున పడి ఉన్న ఆ క్లబ్బు, అతను వెళ్లాక ఫైనల్ దాకా నడిచింది. ఏడు ఆటల ఫైనల్లో చెరి మూడు ఆటలు గెలిచారు. ఏడో ఆట అదనపు సమయంలోకి పోయింది. అక్కడ ఎడమకాలి పక్కనుంచి ఒక్క బిళ్ల జారిపోయింది. కప్పు అవతలివాళ్లదైంది.

ఏప్రిల్లో ఇంటికి వచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు. ఊళ్లో పిలగాళ్లు ఆడదామని పిలిస్తే గోల్లో నిలబడేవాడు గానీ, అక్కడా ఎడమవైపు అదే వరస.

ఇప్పుడు జనవరి. క్లబ్బు పెట్టుకున్న కొత్త గోలీకి మోకాలు దెబ్బతింది. కోచ్ ఫోను చేశాడు.

"శనివారం పన్నెండింటికి మళ్లీ చేస్తాను. వస్తానంటే టికెట్ పంపుతాను. రానంటే వేరేవాణ్ణి చూసుకుంటాం. ఇంక నిన్ను అడిగేది లేదు," అన్నాడు.

ఇరవై తొమ్మిదేళ్లవాడికి ఇంకో క్లబ్బు దొరకదని కోచ్‌కీ తెలుసు, ఒత్సల్‌కీ తెలుసు. అందుకే శుక్రవారం సాయంత్రం ఆట సామాను సంచీ భుజానేసుకుని, కొండమీది బౌద్ధ మఠం గోంపాకి, కోంచోక్ లామా దగ్గరికి ఎక్కాడు.

కోంచోక్ లామాకి డెబ్బై ఆరేళ్లు. సన్యాసం తీసుకోకముందు సైన్యంలో ఉండేవాడు. కొండమీది కాపలా శిబిరంలో, మోకాళ్లకి గోనెపట్టాలు కట్టుకుని గోల్లో నిలబడేవాడు. ఒత్సల్‌కి తొమ్మిదేళ్లప్పుడు గోల్లో నిలబడటం నేర్పింది ఆయనే. ఆయన గదిలో బుద్ధుడి బొమ్మ పక్కన, వెన్నదీపాల మధ్య ఒక హాకీ బిళ్ల ఉంటుంది. దాని అంచు చుట్టూ తెల్ల టేపు. టేపు మీద తేదీ, ఒత్సల్ పేరు. జీతానికి ఆడినవాడిగా అతను గెలిచిన మొదటి ఆట బిళ్ల అది. గురువుకి పంపాడు. బుద్ధుడి సరసన రబ్బరు బిళ్ల ఏమిటని తోటి సన్యాసులు గొణిగినా ఆయన దాన్ని కదిలించలేదు.

"నా తప్పేమిటో చెప్పండి గురువుగారూ," అన్నాడు ఒత్సల్. "రేపు పన్నెండులోపు చెప్పాలి."

"జరిగింది చెప్పు," అన్నాడు లామా.

ఒత్సల్ మొదలుపెట్టాడు. పోయిన సీజన్ గురించి చెప్పమంటే అతనికి అలుపుండదు. ఊళ్లో ఇప్పటికే అందరికీ చెప్పేశాడు. అతను ఎదురైతే పక్క సందులోంచి వెళ్లిపోయేవాళ్లు కూడా తయారయ్యారు. యాభై నాలుగు ఆటలు. వరసగా పదకొండు గెలుపులు. ఇరవై గంటలు బస్సులో కూర్చుని, వాచిన కాళ్లతో దిగి, ముప్ఫై తొమ్మిది బిళ్లలు ఆపిన రోజు. వేలు విరిగినా గ్లవ్ తియ్యకుండా ఆడిన రోజు. ఊరు ఊరంతా లేచి నిలబడి తన పేరు అరిచిన రోజు. చివరికి ఏడో ఆట. అవతలి జట్టువాళ్లు అలిసిపోయి, బెంచీ మీద కూర్చున్న కుర్రాణ్ణి దింపడం. వాడు కొట్టడం.

"వల్లో పడింది," అన్నాడు ఒత్సల్. చెప్పడం ఆపేశాడు.

"తర్వాత?" అన్నాడు లామా.

"తర్వాతేముంది? అయిపోయింది."

లామా టీ పోశాడు. "మళ్లీ చెప్పు."

ఒత్సల్ మళ్లీ చెప్పాడు. ఈసారి ఆటల స్కోర్లతో సహా చెప్పాడు. మళ్లీ అక్కడికే వచ్చి ఆగాడు.

"తర్వాత?"

ఒత్సల్‌కి చిరాకేసింది. జేబులోంచి ఫోను తీసి, ఆ ఆట వీడియో పెట్టి చూపించాడు. బిళ్ల గీత దాటగానే, అలవాటు ప్రకారం, వేలితో ఆపేశాడు. ఆ వీడియోని అతను అక్కడే ఆపుతాడు. తొమ్మిది నెలలుగా అక్కడే ఆపుతున్నాడు.

"ఇది ఇవాళ్టికి నా దగ్గర ఉంచు. తెల్లవారాక మడుగు దగ్గరికి రా," అంటూ లామా ఫోను పుచ్చుకుని అంగీ మడతలో దోపుకున్నాడు.

పొద్దున ఒత్సల్ వెళ్లేసరికి లామా చీపురుతో మడుగు మీది మంచుపొడి ఊడ్చేస్తున్నాడు. వేసవిలో బార్లీ చేలకి నీళ్లు వదిలే మడుగు అది. చలికాలం మూడు నెలలూ రాయిలా ఉంటుంది. ఒక కొసన ఇనప గొట్టాలతో చేసిన గోలు, దానికి చిరిగిన వల.

"ఫోను?" అన్నాడు ఒత్సల్.

"మోగితే ఇస్తాను. ప్యాడ్లు కట్టుకో."

మడుగంతా ఊడ్చేసరికి పదకొండు కావచ్చింది. ఒత్సల్ కట్టుకుని గోల్లో నిలబడ్డాడు. లామా అంగీ ఎగదోపి, ఎప్పటిదో చెక్క కర్ర పట్టుకుని, ఇరవై అడుగుల దూరంలో నాలుగు బిళ్లలు వరసగా పెట్టాడు.

మొదటిది కుడివైపు. ఒత్సల్ కాలు పడింది, బిళ్ల ఆగింది. రెండోది ఎడమవైపు. వల్లోకి పోయింది. మూడోదీ ఎడమవైపే, వల్లోకి. నాలుగోదీ అంతే. డెబ్బై ఆరేళ్ల మనిషి కొట్టిన దెబ్బలవి, దొర్లుకుంటూ వచ్చాయని చెప్పాలి. ఒత్సల్ మొహం కందగడ్డలా అయింది.

"మళ్లీ కొట్టండి."

లామా కర్ర గోలు గొట్టానికి ఆనించి దగ్గరికొచ్చాడు.

"ఊరికే కాళ్లు వాల్చు. బిళ్లలేవీ రావు. కుడి."

కుడి ప్యాడ్ మంచుకి తగిలి మెత్తగా చప్పుడయింది.

"ఎడమ."

ఎడమ ప్యాడ్ తగిలింది. ఆ చప్పుడులో ఒక గట్టి దెబ్బ కలిసింది.

"ఎడమది విప్పు," అన్నాడు లామా.

ఒత్సల్ కదల్లేదు. "చలికి బిగుసుకుపోయి ఉంటుంది గురువుగారూ. తోలు కదా," అన్నాడు.

"విప్పు."

"ఇప్పుడు విప్పితే మళ్లీ కట్టుకోడానికి పావుగంట పడుతుంది. టైము పదకొండు దాటింది."

లామా మంచు మీద చతికిలపడి కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేచేలా లేడు. ఎదురుగా కొండమీద ఎండ ఎక్కుతోంది. ఒత్సల్ వంగి ఒక్కో పట్టీ వదులు చేశాడు. మోకాలి కింది పట్టీ వదలగానే ప్యాడ్ లోపలినుంచి ఒక నల్ల బిళ్ల జారి, మంచు మీద పడి, గిరగిరా తిరిగి పడుకుంది.

దాని మీద ఏడో ఆట ముద్ర ఉంది.

"మర్చిపోకూడదని పెట్టుకున్నాను," అన్నాడు ఒత్సల్, అడక్కుండానే. "కాలు మడిచినప్పుడల్లా గుచ్చుకోవాలని. శిక్షలాగా."

"ఈ బిళ్ల ఎవరిది?"

"అంటే... ఆ గోలు బిళ్ల."

"అది చూస్తేనే తెలుస్తోంది. ఎవరిదని అడిగాను."

లామా అంగీ మడతలోంచి ఇంకో బిళ్ల తీశాడు. తెల్ల టేపు చుట్టింది, బుద్ధుడి పక్కనుండేది. దీపాల మసికి టేపు పసుపుపచ్చగా అయింది. దాన్ని నల్ల బిళ్ల పక్కన పెట్టాడు.

"ఇది నీకెవరిచ్చారు?"

"ఆ ఆటలో ఓడిపోయిన జట్టు గోలీ."

"నువ్వు అడిగావా?"

"లేదు. ఆయనే వెతికి తెచ్చిచ్చాడు. మొదటి గెలుపుకీ, మొదటి గోలుకీ ఆ బిళ్ల ఆడినవాడికే ఇచ్చేస్తారు. టేపు చుట్టి పేరు రాసి ఇస్తారు. ఎక్కడైనా అంతే. ఎంత పగ ఉన్నా దాని జోలికి ఎవరూ పోరు."

అన్నాక గానీ తన నోటివెంట ఏం వచ్చిందో అతనికి తెలియలేదు. తల వంచుకున్నాడు.

"వీడియోని నువ్వు ఆపిన చోట నేను ఆపలేదు," అన్నాడు లామా. "వాళ్లంతా ఆ కుర్రాడి మీద పడి గంతులేశారు. కాసేపటికి వాడు విడిపించుకుని గోలు దగ్గరికొచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని వల్లో చేతులు పెట్టి వెతికాడు. చాలాసేపు వెతికాడు. కప్పు తీసుకోడానికి పిలుస్తున్నా వెళ్లలేదు. తర్వాత?"

ఒత్సల్ లామా ఎదురుగా మంచు మీద కూర్చున్నాడు.

"వాడి పేరు తైమాస్. వాడికదే మొదటి గోలు. బిళ్ల వల్లో పడగానే నేను దాని మీద పడ్డాను. తీసి ప్యాడ్‌లో దోపుకున్నాను. ఎందుకో నాకే తెలీదు. తెలీకపోవడమేమిటి, తెలుసు. నా సీజన్ మొత్తం లాక్కున్నాడు, వాడికి ఇదొక్కటైనా దక్కకూడదనుకున్నాను." ఆగాడు. "ఆట అయ్యాక మా గది తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఇంకా స్కేట్లు కూడా విప్పలేదు. 'అన్నా, ఆ బిళ్ల మీరేమన్నా చూశారా? మా నాన్నకి చూపిద్దామని' అన్నాడు."

"తర్వాత?"

"చూడలేదన్నాను."

అతనికి ఏడుపొచ్చింది. తొమ్మిది నెలలుగా ఓడిపోయినందుకు ఏడుస్తున్నానని అనుకున్నాడు గానీ, అందుకు కాదని ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

లామా ఓదార్చలేదు. లేచి, ఒత్సల్ సంచీ దగ్గరికి వెళ్లి లోపల చెయ్యి పెట్టి కెలికాడు. కర్రలకి చుట్టే తెల్ల టేపు చుట్ట తీశాడు. మళ్లీ వచ్చి కూర్చుని, నల్ల బిళ్లని అంగీతో తుడిచి, అంచు చుట్టూ టేపు చుట్టసాగాడు. చలికి టేపు అంటుకోవడం లేదు. బొటనవేలితో నొక్కి, నోటి ఆవిరి పట్టి, మళ్లీ నొక్కాడు. ఒక చుట్టు మడత పడితే విప్పి మళ్లీ చుట్టాడు. పన్నెండు కావస్తోందన్న సంగతి ఆయనకి పట్టినట్టే లేదు.

చివర పళ్లతో కొరికి తెంపాడు. సంచీలోంచే తెచ్చిన పెన్ను, బిళ్ల రెండూ ఒత్సల్ ఒళ్లో పెట్టాడు.

"నా రాత బాగుండదు. నువ్వు రాయి."

ఒత్సల్ పెన్ను మూత తీశాడు. సిరా గడ్డకట్టి మొదట పడలేదు. అరచేతుల మధ్య పెట్టి రుద్దాడు. తర్వాత ఫైనల్ తేదీ రాశాడు. తేదీ పక్కన, మోచేతిని మోకాలికి ఆనించుకుని, తైమాస్ అని రాశాడు.

లామా అంగీ మడతలో ఫోను మోగింది.

ఆయన తీసి అందించాడు. ఒత్సల్ పుచ్చుకోలేదు.

"మీకు ఇంకోటి చెప్పలేదు," అన్నాడు. "ఈ ఏడాది వాణ్ణి మా క్లబ్బే తీసుకుంది. నేను వెళ్తే వాడి పక్కనే కూర్చుని స్కేట్లు కట్టుకోవాలి. అందుకే ఇన్నాళ్లూ..." ఫోను మోగుతూనే ఉంది. "నేను అబద్ధమాడానని వాడికి చెప్పాలి. అందరి ముందూ చెప్పాలి. వాడు దీన్ని నా మొహాన విసిరికొడితే?"

లామా తన పాత బిళ్లను మళ్లీ అంగీలో దోపుకుని, మోగుతున్న ఫోను ఒత్సల్ చేతిలో పెట్టాడు.

"విసిరితే ఆపు," అన్నాడు. "గోలీవేగా."