గట్టు కాసిన అడవిపంది

ముళ్ళకోన అడవిలో తుమ్మచెట్లు ఎక్కువ, వానలు తక్కువ. ఆ కోనలో ఒక తాబేలు, ఒక అడవిపంది, ఒక దుప్పి, ఒక నెమలి, నలుగురు పిల్లల తల్లి అయిన ఒక కుందేలు ఉండేవి. నక్క కూడా ఉండేది కానీ, ఆ ఏడు మేనత్తను చూడడానికి పక్క అడవికి పోయింది. కాబట్టి ఈ కథలో ఏం జరిగినా నక్క మీదికి తోయకండి.

కోన పైభాగాన ఒక బండ కింద నీటి ఊట ఉంది. ఆ నీళ్ళు చిన్న గుంటలో చేరేవి. గుంట నుంచి ఒక మట్టి కాలువ బయలుదేరి మొదట అడవిపంది మడికి, తరువాత దుప్పి మడికి, ఆపైన నెమలి మడికి, అన్నిటికన్నా చివర కుందేలు మడికి వెళ్ళేది.

నీళ్ళ వంతులు చూసే పని తాబేలుది. అది ఒక కుండ నిండా నీళ్ళు పోసి, అడుగున సన్నని చిల్లు పెట్టిన మారేడు డిప్పను అందులో తేలేసేది. చిల్లులోంచి నీళ్ళు ఎక్కి డిప్ప మునిగిందంటే ఒకరి వంతు అయిపోయినట్టు. అప్పుడు తాబేలు కాలువను పక్క మడికి మళ్ళించేది.

పదిహేను రోజులకు ఒకసారి అందరూ కలిసి కాలువలో పూడిక తీసేవారు. గట్టుకు బంకమట్టి మెత్తేవారు. ఆ రోజు పనికి రానివాళ్ళకు మరుసటి రోజు వంతు ఉండేది కాదు. ఇది వాళ్ళ తాతల నాటి కట్టుబాటు.

ఒక ఏడు వాన ముఖం చాటేసింది. ఊట సన్నబడింది. తాబేలు అందరినీ పిలిచింది.

"ఈ ఏడు వరి జోలికి పోకండి. కొర్రలో, అలసందలో వేసుకోండి. ఉన్న నీళ్ళతో ఎలాగో గట్టెక్కుదాం," అంది.

కుందేలు కొర్రలు చల్లింది. దుప్పీ నెమలీ అలసందలు వేశాయి. అడవిపందికి మాత్రం అనుమానం వచ్చింది. అనుమానం రాకపోతే దానికి అన్నం అరగదు.

'నన్ను వరి వద్దంటున్నాడంటే ఆ నీళ్ళు ఇంకెవరికో దోచిపెట్టాలనే కదా,' అనుకుంది. పట్టుబట్టి మడి నిండా వరే నాటింది.

నెల గడిచింది. కాలువలో నీళ్ళు మరీ తగ్గాయి. డిప్ప మునిగేలోగా అడవిపంది మడి సగం కూడా తడవలేదు. అది రుసరుసలాడుతూ తాబేలు దగ్గరికి వచ్చింది.

"ఏం తాతా, డిప్ప చిల్లు పెద్దది చేశావా?"

"అదే డిప్ప, అదే చిల్లు. కావాలంటే చూసుకో," అంది తాబేలు.

"నువ్వు నీళ్ళలో పుట్టి నీళ్ళలో పెరిగినవాడివి. నీకు నీళ్ళు అప్పగించడమంటే దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే," అంది అడవిపంది.

అనుమానం అంటుజాడ్యం. మర్నాటికి దుప్పికీ అంటింది. అది నెమలి మడి చుట్టూ తిరిగి అడుగులు వెతికింది. నెమలి దుప్పి కాళ్ళకు తడి ఉందేమోనని వంగి చూసింది. కుందేలు కూడా, అబద్ధమెందుకు, పిల్లల్ని ఇంట్లో ఉంచి గంటసేపు పొదలో దాక్కుని నెమలిని కనిపెట్టింది. పలకరింపులు పోయాయి. ఎదురుపడితే ముందు కాళ్ళు చూసి, ఆ తరువాతే ముఖం చూసేవారు.

చివరికి అందరూ కలిసి తాబేలును పనిలోంచి తీసేశారు. కుండా, డిప్పా అడవిపంది చేతికి వచ్చాయి.

అడవిపంది బండ ఎక్కి కొత్త కట్టుబాటు చెప్పింది. "ఇవాళ్టి నుంచి ఎవరూ గట్టు దగ్గరికి రాకూడదు. పూడిక అని, మట్టి మెత్తడం అని వచ్చి చాటుగా కన్నం పెట్టేది మీరే. గట్టు నేను కాస్తాను. నీళ్ళు పోవడానికి ఎవరు కారణమని తేలితే వాళ్ళకు ఈ పంట కారంతా వంతు లేదు."

"గట్టుకు మట్టి మెత్తకపోతే ఎలాగయ్యా?" అంది తాబేలు.

"నీకెందుకంత ఆత్రం? అక్కడేం దాచావు?" అంది అడవిపంది.

అడవిపంది ఊటగుంటకు దిగువన కానుగచెట్టు నీడలో కూర్చుని పొద్దస్తమానం గట్టు కాసింది. అక్కడ గట్టు అవతల లోతైన ఇసుక వంక ఉంది. గట్టు వారగా తుంగ మొలిచింది. తుంగగడ్డ కనిపిస్తే ఏ పందికి నోరూరదు? కూర్చున్న చోటే ముట్టెతో నేల పెళ్ళగించి రెండు గడ్డలు తినేది. కాసేపటికి ఇంకో రెండు తినేది. కాపలా కాసేవాడికి ఆ మాత్రం ఉండాలిలే అనుకునేది.

నీళ్ళు ఇంకా తగ్గాయి. కుందేలు మడి దాకా రావడం మానేశాయి.

కుందేలు మడిలో కొర్ర వెన్ను తీసింది. ఇంకొక్క తడి అందితే గింజలో పాలు పడతాయి. అందకపోతే అంతా తాలు. కొట్లో గింజ లేదు. పంట పోతే నలుగురు పిల్లల్ని తీసుకుని, తోవలో తోడేళ్ళున్న ఎగువ కొండ దాటి వలస పోవాలి. అందరూ క్షేమంగా చేరతారన్న నమ్మకం దానికి లేదు. భయంతో దానికి నిద్ర పట్టడం లేదు.

అయినా చేతులు ముడుచుకోలేదు. ఉన్న కాస్త తడీ ఎండకు ఎగిరిపోకుండా మొక్కల మొదళ్ళలో ఎండుటాకులు పరిచింది. ఆకులు చాలక, ఏరుకోవడానికి వంకలోకి దిగింది.

అక్కడ దానికి లేత గరిక వాసన తగిలింది. కోనంతా ఎండి బూడిదైతే ఇక్కడ గరిక ఎలా వచ్చింది? వాసన పట్టుకుని వెళ్ళింది. కానుగచెట్టుకు సరిగ్గా కింద, వంక ఒడ్డున, పచ్చగా ఇంత గరిక. మట్టి తాకితే చల్లగా ఉంది.

'ఇంకేముంది, దొంగ అడవిపందే,' అనుకుంది కుందేలు. కోపంతో రెండు గెంతులు వేసి, ఆగిపోయింది.

'నీళ్ళు దొంగిలిస్తే దాని వరి పచ్చగా ఉండాలి కదా. అదీ ఎండుతోందే.'

ఎంత ఆలోచించినా ఆ ముడి విడలేదు. తిన్నగా తాబేలు దగ్గరికి వెళ్ళింది.

"తాతా, నిన్ను తీసేసినప్పుడు నేనూ తల ఊపాను. తప్పయింది," అంది.

"అది తరువాత మాట్లాడుకుందాం. ముందు చూసిందేమిటో చెప్పు," అంది తాబేలు.

కుందేలు చెప్పింది. తాబేలు విని, రాలిన మోదుగపూలు ఒక గంపెడు తెమ్మంది.

మరునాడు పొద్దున్నే తాబేలు, దుప్పి, నెమలి, కుందేలు ఊటగుంట దగ్గరికి చేరాయి. తాబేలు మోదుగపూలు నలిపి కలిపిన నీళ్ళు కాలువ మొదట్లో పోయబోయింది. అడవిపంది అడ్డుపడింది.

"ఏం కలుపుతున్నారు? నా వరికి విషం పెడుతున్నారా?"

తాబేలు ఆ పూల నీళ్ళు నాలుగు గుక్కలు తాగింది. అప్పుడు అడవిపంది పక్కకు జరిగింది.

కాలువ నీళ్ళు ఎర్రబారాయి. అందరూ వంకలోకి దిగి నిలబడ్డారు. కాసేపటికి కానుగ కింద గరిక మొదళ్ళలోంచి ఎర్రటి నీళ్ళు బొటబొటా కారాయి. కారినవి కారినట్టే ఇసుకలో ఇంకిపోయాయి. పైకెక్కి చూస్తే తుంగ నడుమ గుంటలున్నాయి. ఆ గుంటల అడుగున గట్టు జల్లెడైపోయింది. ఊట ఇచ్చిన నీళ్ళలో సగం అక్కడే పోతున్నాయి.

"నా మీద కుట్ర చేసి ఎవరో తవ్వారు," అంది అడవిపంది.

"అవి ముట్టె గుర్తులు మామా. మాలో ఎవరికి ఉంది ముట్టె?" అంది నెమలి.

అడవిపంది ముక్కు చివర అప్పటికీ తడి మట్టి ఉంది. ఎవరూ నవ్వలేదు. నవ్వే స్థితిలో లేరు.

ఆ పూటే అందరూ బంకమట్టి మోసి గుంటలు పూడ్చి, గట్టు మెత్తారు. కుండా డిప్పా తాబేలు చేతికి తిరిగి వచ్చాయి. అడవిపంది తాను పెట్టిన కట్టుబాటుకే చిక్కింది. దాని వంతు నీళ్ళు ఆ కారంతా చివరి మడికి ఇవ్వాలని తాబేలు తీర్పు చెప్పింది.

నాలుగో రోజుకు కుందేలు మడికి నీళ్ళు చేరాయి. అప్పటికే ఒక మూల కొర్ర తాలైపోయింది. మిగిలిన దానికి మాత్రం తడి అందింది. వారానికి గింజ నొక్కితే పాలు వచ్చాయి. కుందేలు ఆ గింజను పిల్లలకు చూపించి, గట్టు మీద కూర్చుని ఏడ్చింది. వలస తప్పింది.

కోతలయ్యాక అడవిపంది కుందేలు కళ్ళం దగ్గరికి వచ్చింది.

"కోడలా, నా వరికి ఒక్క తడి ఇప్పించు," అంది.

కుందేలు వెళ్ళి దాని మడి చూసింది. "ఇది ఎండుగడ్డి అయిపోయింది మామా. ఇప్పుడు పోసినా నీళ్ళు దండగ. ఆ నీళ్ళతో నెమలి వదిన అలసంద రెండో కాపు కాస్తుంది," అంది. కానీ ఉత్త చేతులతో పంపలేదు. కళ్ళంలో బాగా పండిన వెన్నులు ఏరి, రెండు దోసిళ్ళ కొర్ర విత్తనాలు మూటగట్టి ఇచ్చింది. "తొలకరికి చల్లుకో. వీటికి నీళ్ళు పెద్దగా అక్కర్లేదు."

అడవిపంది మూట వాసన చూసింది. 'ఊరికే ఎందుకిచ్చింది? వేయించి ఇచ్చిందేమో. వేయించిన గింజలు మొలవవు. నలుగురిలో నన్ను వెర్రివాణ్ణి చేయాలని చూస్తోంది,' అనుకుంది.

ఒక గింజ కొరికి చూసింది. పచ్చిదే. పైన పచ్చివి వేసి కింద వేయించినవి పెట్టిందేమోనని ఇంకోటి కొరికింది. అదీ పచ్చిదే. అలా రోజూ కానుగ కింద కూర్చుని ఒక్కొక్క గింజా కొరికింది.

తొలకరి పడింది. దుప్పీ నెమలీ కుందేలూ విత్తనాలతో మళ్ళలోకి దిగాయి. అడవిపంది ఆఖరి గింజ కొరికి చూసింది. అదీ పచ్చిదే. మూటలో పొట్టు మిగిలింది.

నీతి: కరువులో నీటిని నిలిపేది కాపలా కాదు, నలుగురూ కలిసి మెత్తిన గట్టు. అందరినీ అనుమానించేవాడు చేతిలోని విత్తనాన్ని కూడా పోగొట్టుకుంటాడు.