జీలుగు ఇచ్చేసిన పేరు

అనగనగా ఒక అడవిలో, మంచు పూర్తిగా విడవని లోయ ఒకటి ఉండేది. అక్కడ జీలుగు అనే చెవులపిల్లి కూన వాళ్ళమ్మతో ఉండేవాడు.

జీలుగుకి నత్తి. పాఠమంతా వచ్చు. కానీ నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుపోయేది.

బళ్ళో కొంగ పంతులమ్మ ఏదైనా అడిగితే, "చిం... చిం..." అనేవాడు.

"చింతచెట్టు! అంతేగా? కూర్చో బంగారం," అని ఆవిడే చెప్పేసేది. పాపం, మంచి మనసుతోనే.

కోతిపిల్ల మాత్రం, "వీడు చెప్పేలోపు నేను రెండు చెట్ల పళ్ళు మేసొస్తా!" అని నవ్వేది.

రానురాను జీలుగు నోరు తెరవడమే మానేశాడు.

ఒకరోజు బడికి వెళ్తూ నీళ్ళు తాగుదామని మడుగు మీదకు వంగాడు. వాడి నోరు మూసే ఉంది. నీళ్ళలో వాడి నీడ నోరు తెరిచింది.

"జీలుగూ, నీ పేరు నాకిచ్చెయ్యరా. నీ బదులు నేను బడికి పోయి గడగడా చెప్పేస్తా."

"నే... నే..."

"నేను సరే అంటున్నా అనేగా?" అని నీడే పూర్తి చేసింది.

వాడు తలూపాడు.

అంతే. వాడు నీళ్ళ కింద ఉన్నాడు. అది గట్టు మీద ఉంది. తడి బురదలో నడిచి వెళ్ళింది. ఒక్క అడుగుజాడా పడలేదు.

బళ్ళో అది పాఠం ఒప్పజెప్పింది. పంతులమ్మ రెక్కలు చరిచింది. నీళ్ళ కింద జీలుగుకి అన్నీ వినబడుతున్నాయి. తన పేరు పెట్టి దాన్ని మెచ్చుకోవడం కూడా.

ఇంట్లో అమ్మ, "నాన్నా, ఇవాళ బళ్ళో..." అంది.

"బాగుందమ్మా," అంది అది, అడగడం పూర్తవకుండానే.

అమ్మ వెనక్కి జరిగింది. "నా బిడ్డ మాట కోసం నేను ఆగుతాను. నువ్వెవరివే?"

దాని ఒంటికి అంటిన మడుగు నాచు చూసి అమ్మ మడుగు దాకా పరిగెత్తింది. "జీలుగూ!"

"నేనే జీలుగునమ్మా," అంటూ అది వెనకే వచ్చింది. ఎంత తియ్యగా అందో!

కింద జీలుగు నోరు తెరిచాడు. బుడగ వచ్చింది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ బుడగే. 'అదే బాగా మాట్లాడుతోంది, ఉండనీలే' అనిపించింది. కానీ అమ్మ కదల్లేదు. చెవులు రిక్కించి అలాగే నిలబడింది.

"జీ... జీ... జీలుగుని నే... నేనే! నా పే... పేరు నాకిచ్చెయ్!"

మడుగు వాణ్ణి గట్టు మీదకు విసిరింది. నీడ మంచులో కలిసిపోయింది.

మర్నాడు బళ్ళో పంతులమ్మ అలవాటుగా వాడి మాట అందుకోబోయింది.

"ఆ... ఆగండి పంతులమ్మా. నే... నేనే చెబుతా."

ఆవిడ తెరిచిన ముక్కు మూసి, వినడానికి మెడ వంచింది. వాడు మెల్లగా, ఆగి ఆగి చెప్పడం మొదలుపెట్టాడు. కోతిపిల్ల ఆవలించింది కానీ లేచి వెళ్ళలేదు.

అప్పుడే బయట మంచులోంచి, అదే పాఠం ఎవరో గడగడా ఒప్పజెబుతున్న చప్పుడు. అందరికీ వినబడింది.

ఒక్కరూ అటు తిరగలేదు. జీలుగు ఇంకా చెబుతున్నాడు మరి.

నీతి: మాట తడబడితే తప్పు లేదు; తడబడుతోందని మన మాటను ఇంకొకరికి ఇచ్చేయకూడదు.